ఏ పనికి ఏ రేక్? వైజాగ్‌లో ఇంటి తోట ఉన్నవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

మాది మధురవాడ వైపు, కొండకి దగ్గర్లో ఇల్లు. ముందు చిన్న లాన్, పక్కన రెండు మామిడి చెట్లు, గేటు దగ్గర బాదం చెట్టు, వెనక ఆకుకూరల మడులు, పైన మిద్దె తోట ఉన్నాయి. రేక్ అంటే పొడుగు కర్ర చివర అడ్డంగా పళ్ళున్న తల ఉండే పనిముట్టు, ఆకులు లాగడానికి, మట్టి సర్దడానికి వాడతాం. వీధిలో ఎవరికి రేక్ కావాలన్నా మా ఇంటికే వస్తారు, వచ్చినప్పుడల్లా అవే ప్రశ్నలు, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

చీపురు ఉంది, పార ఉంది, మళ్ళీ రేక్ ఎందుకండీ?

చీపురు నేల మీద ఉన్నదంతా తోసేస్తుంది, ఆకుతో పాటు పైమట్టిని కూడా. రోజూ చెట్టు కింద శుభ్రంగా ఊడ్చే ఇళ్ళల్లో ఒకసారి చెట్టు మొదలు చూడండి, వేర్లు బయటికి తేలి ఉంటాయి, నేల సిమెంటులా గట్టిపడి ఉంటుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసే ఉంటారు కదా, వాన నీళ్ళు మట్టిని ఎలా కోసుకుపోయాయో. మన పెరట్లో కూడా పైన ఆకు, గడ్డి ఏ కప్పూ లేకపోతే చిన్న సైజులో అదే జరుగుతుంది.

పార అయితే మట్టిని తిరగేస్తుంది. రేక్ ఈ రెండూ చెయ్యదు, అది జల్లెడ లాంటిది. పళ్ళ సందుల్లోంచి పోవాల్సింది పోతుంది, ఆగాల్సింది ఆగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే రేక్ ఎంచుకోవడంలో సగం పని అయిపోయినట్టే. మీరు దేన్ని ఆపాలి, దేన్ని వదలాలి అన్నది ముందు అనుకోండి, తర్వాత పళ్ళు ఎంత దగ్గరగా ఉన్నాయో, ఎంత గట్టిగా ఉన్నాయో చూడండి.

దీన్ని తెలుగులో ఏమంటారు?

మా తాతగారి ఊళ్ళో దంతె అనేవారు. మందపాటి చెక్కకి వరసగా చెక్క పళ్ళు, మధ్యలో పొడుగు కామ, అంటే పట్టుకునే కర్ర, అంతే. కళ్ళంలో గడ్డి లాగడానికి, మడి చదును చెయ్యడానికి అదే వాడేవారు. ఇప్పుడు షాపులో దంతె అంటే చాలామందికి అర్థం కావట్లేదు, రేక్ అనే అడగండి.

ఒక్కటే కొనగలను, ఏది కొనమంటారు?

మీ ఇంట్లో ఎక్కువ పని ఏంటి అన్నదాన్ని బట్టి ఉంటుంది. మట్టి పని ఎక్కువైతే ఇనప రేక్. 14 నుంచి 16 అంగుళాల వెడల్పు, పొట్టిగా మందంగా ఉండే 14, 16 పళ్ళు, పళ్ళ మధ్య సుమారు అంగుళం సందు. వీటిల్లో కొన్నింటికి తల రెండు చివర్ల నుంచి కామ దాకా విల్లులా వంగిన రెండు కడ్డీలు ఉంటాయి, దాన్నే బో రేక్ అంటారు. లాగేటప్పుడు ఆ కడ్డీలు కొంచెం స్ప్రింగులా పనిచేస్తాయి, చేతికి అదురు తగ్గుతుంది.

ఆకులు ఎత్తడమే ఎక్కువైతే విసనకర్రలా విచ్చుకునే లీఫ్ రేక్ తీసుకోండి. అది తేలిగ్గా ఉంటుంది, పుల్లలు వంగుతాయి కాబట్టి గడ్డిని పీకదు, నేలని గీకదు.

ఒకదాని పని రెండోది చెయ్యలేదు, ఇది మాత్రం గట్టిగా చెప్తా. ఇనప రేక్‌తో లాన్ మీద ఆకులు లాగితే గడ్డి వేళ్ళతో సహా వచ్చేస్తుంది, లీఫ్ రేక్‌తో బెడ్డలు పగలగొట్టబోతే పుల్లలు ఒక్కరోజులో వంకరపోతాయి. నా మాట వింటే మూడు నెలలు ఆగైనా సరే రెండూ కొనుక్కోండి. మిగతా రకాలన్నీ వీటి తర్వాతే.

బాదం ఆకులకి, వేపాకులకి, సరుగుడుకి ఒకటే లీఫ్ రేక్ సరిపోతుందా?

సరిపోదండి, మనూళ్ళో చాలామంది ఇక్కడే మోసపోతారు.

బాదం ఆకు అరచేతికంటే పెద్దది, ఎర్రబడి ఒకేసారి కుప్పలుగా రాలుతుంది. దానికి 22, 24 అంగుళాల వెడల్పు ప్లాస్టిక్ రేక్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, సందులు ఎక్కువున్నా పర్లేదు. అదే స్టీలు పుల్లల రేక్‌తో లాగారనుకోండి, ప్రతి పుల్లకీ ఒక ఆకు గుచ్చుకుంటుంది, నాలుగు లాగుళ్ళకోసారి ఆగి చేత్తో తీసుకోవాలి.

వేప ఆకురాల్చేది చలి పోయి ఎండలు ముదిరే ముందు. ఆ సన్న రెబ్బలు వెడల్పు సందుల్లోంచి జారిపోతాయి. బీచ్ వైపు ఉండేవాళ్ళకి సరుగుడు పుల్లలతో ఇదే బాధ. వీటికి పుల్లలు బాగా దగ్గరగా ఉండే స్టీలు రేక్ కావాలి, ఇంకా మంచిది అడ్జస్టబుల్ రేక్, దాని కామ మీద ఉండే క్లిప్ జరిపితే తల 8 అంగుళాల దాకా ముడుచుకుంటుంది, విప్పితే 22 అంగుళాల దాకా వస్తుంది. ముడిచినప్పుడు పుల్లలు దగ్గరపడి సన్న ఆకులు ఆగుతాయి, మొక్కల మధ్య ఇరుకులోకి కూడా వెళ్తుంది. ఆ క్లిప్ ప్లాస్టిక్‌ది అయితే మాత్రం కొనకండి, ఎండకి పెళుసెక్కి విరిగిపోతుంది.

సిమెంటు మీద, టైల్స్ మీద పడ్డ వేపాకు అయితే రేక్ అవసరమే లేదు, కొబ్బరి ఈనెల చీపురే దానికి సరైనది.

ప్లాస్టిక్, స్టీలు, వెదురు, ఏది ఎక్కువకాలం వస్తుంది?

ప్లాస్టిక్‌కి తుప్పు లేదు, తడి ఆకు అంటుకోదు. కానీ ఎండలో వదిలేస్తే రెండో వేసవికే పుల్లలు టక్కుటక్కున విరుగుతాయి. నీడలో పెట్టగలిగితేనే ప్లాస్టిక్ కొనండి.

స్టీలు గట్టిది, సన్న చెత్త బాగా తీస్తుంది, శత్రువల్లా తుప్పే. వెదురు రేక్ చాలా తేలిక, ఆకులకి మెత్తగా ఉంటుంది, విరిగితే ఒక పుల్ల మార్చుకోవచ్చు, మా ఆవిడ అదే వాడుతుంది. అయితే తడిగా నేల మీద పడేస్తే చెదలు పట్టేస్తాయి.

ఆకుకూరల మడి తయారు చెయ్యడానికి రేక్ ఎలా వాడాలి?

నాకు బాగా ఇష్టమైన పని ఇది, కొంచెం వివరంగా చెప్తా.

ముందు పలుగుతోనో పారతోనో తవ్వి, రెండ్రోజులు ఎండనివ్వండి. తర్వాత ఇనప రేక్ తిరగేసి, వెనక వైపు అంచుతో పెద్ద బెడ్డల్ని తట్టండి, పళ్ళతో కొడితే పళ్ళు వంగుతాయి. బెడ్డలు పగిలాక పళ్ళు కిందికి తిప్పి మడి ఒక చివర నుంచి మీ వైపు లాగండి. రాళ్ళు, పాత వేర్లు, గరిక తీగలు అన్నీ పళ్ళకి తగులుకుని వస్తాయి, ఏరి తట్టలో వేసుకోండి. కొండ కింది నేలల్లో గులకరాళ్ళకి అంతుండదు, నేను మొదటి ఏడాది ఆ చిన్న మడిలోంచి తట్టలకొద్దీ తీశా.

ఇప్పుడు పశువుల గెత్తం గానీ వర్మీకంపోస్ట్ గానీ పైన చల్లి, రేక్‌ని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ పై రెండు అంగుళాల్లో కలపండి. చివరగా రేక్ వెనక అంచుతో మడిని చదును చెయ్యాలి. ఇక్కడ ఓపిక కావాలి. ఒక మూల పల్లంగా ఉంటే నీళ్ళన్నీ అక్కడ చేరి విత్తనం కుళ్ళిపోతుంది, మెరక మీద మొలకెత్తదు.

తోటకూర గింజ ఆవగింజ కంటే చిన్నది, చల్లాక పళ్ళు మట్టికి తగిలీ తగలనట్టు ఒక్కసారి లాగితే చాలు, పావు అంగుళం కంటే లోతుకి పోకూడదు. మెంతులు, గోంగూర అర అంగుళం లోతుకి వెళ్ళినా వస్తాయి.

మడి వెడల్పు 3 నుంచి 4 అడుగులు పెట్టుకుంటే రెండు పక్కల నుంచీ అందుతుంది, లోపల కాలు పెట్టక్కర్లేదు. అంత కష్టపడి గుల్ల చేసి మళ్ళీ తొక్కడమెందుకు.

మట్టి ఎప్పుడు రేక్ చెయ్యాలి? వాన పడగానే చెయ్యొచ్చా?

వద్దు. పదును మీద చెయ్యాలి. పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కండి, చెయ్యి తెరిచి బొటనవేలితో పొడవండి. పొలపొలా రాలితే పదును వచ్చినట్టు, పిండిముద్దలా వేలి గుర్తు పడి అలాగే ఉంటే ఇంకా ఆగాలి. తడిలో లాగితే మట్టి పళ్ళ మధ్య ఇరుక్కుని ముద్దలవుతుంది, ఆ ముద్దలు ఎండాక రాళ్ళే.

విత్తనం వేశాక గట్టి వాన పడి పైన అట్టు కట్టింది, మొలకలు రావట్లేదు. ఏం చెయ్యాలి?

ఎర్రమట్టిలో ఇది మామూలే. పెద్ద చినుకులు మట్టి పలుకుల్ని చితక్కొడతాయి, ఆ సన్న ఒండు పైన పేరుకుని ఎండకి అప్పడంలా గట్టిపడుతుంది. కింద మొలక వచ్చి ఉంటుంది, తల పైకెత్తలేక వంకర తిరిగి చచ్చిపోతుంది. నేను ఒకసారి పాలకూర మొలవలేదని గింజలమ్మిన షాపుని తిట్టుకుంటూ మడి తవ్వి చూస్తే, అట్టు కింద తెల్లగా, దారాల్లా చుట్టలు చుట్టుకుని పడున్నాయి మొలకలు. చాలా బాధేసింది.

అట్టు ఇంకా కొంచెం తడిగా ఉండగానే చేతి రేక్‌తోనో, లీఫ్ రేక్ చివరి పుల్లలతోనో పైపైన గీతలు గియ్యండి. అట్టు పగిలితే చాలు, లోపలికి పోనివ్వద్దు, బరువైన ఇనప రేక్ ఈ పనికి అసలు వద్దు. ఇంకోసారి విత్తినప్పుడు పైన పలచగా ఎండు ఆకుపొడో కొబ్బరి పొట్టో చల్లితే ఈ సమస్యే ఉండదు.

లాన్‌కి ఏది?

పైన పడ్డ ఆకులకి ప్లాస్టిక్ లీఫ్ రేక్. కానీ కొరియన్ గ్రాస్ వేసుకున్నవాళ్ళకి ఇంకో సంగతుంది. ఆ గడ్డి ఏళ్ళు గడిచేకొద్దీ మెత్తటి పరుపులా పేరుకుంటుంది, తొక్కితే స్పాంజిలా అణుగుతుంది. వేళ్ళతో విడదీసి చూడండి, పచ్చ గడ్డికీ మట్టికీ మధ్య గోధుమరంగు పీచు పొర ఉంటుంది. అది అర అంగుళం దాటితే నీళ్ళు, ఎరువు కిందికి దిగవు. ఈ పొరని లాగడానికి కత్తుల్లాంటి వంపు పళ్ళున్న థాచ్ రేక్ దొరుకుతుంది.

ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి, గడ్డి తేరుకోలేదు. తొలకరి పడి గడ్డి జోరుగా పెరిగే జూన్, జూలైలో చెయ్యండి. లాగాక లాన్ చూడ్డానికి బోసిగా, గుండు కొట్టించినట్టు అయిపోతుంది, కంగారు పడొద్దు. ఇసుక, ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్ కలిపి పలచగా పరిచి, రేక్ వెనక అంచుతో సర్ది నీళ్ళు పెట్టండి. దగ్గరే కదా అని బీచ్ ఇసుక తేవద్దు, ఉప్పుకి గడ్డి మాడిపోతుంది. చిన్న లాన్ అయితే థాచ్ రేక్ కొనక్కర్లేదు, ఒకరోజుకి లాన్ పనివాళ్ళ దగ్గర తీసుకోండి.

దారిలో చిప్స్, కంకర పరిచాం, అది సర్దడానికి?

ఇనప రేకే. పళ్ళతో లాగి, వెనక అంచుతో నునుపు చెయ్యండి. ప్లాట్ అంతా కొత్తగా చదును చేయించేవాళ్ళు 36 అంగుళాల అల్యూమినియం లాండ్‌స్కేప్ రేక్ వాడతారు, ఇంటికి అంత పెద్దది అనవసరం.

మిద్దె తోటకి రేక్ కావాలా?

పొడుగు రేక్ అక్కర్లేదు, పైకి తీసుకెళ్ళకండి కూడా. ఇనప పళ్ళు స్లాబ్ మీద వాటర్‌ప్రూఫ్ పూతని గీరేస్తే ఆ గీతల్లోంచే చెమ్మ దిగుతుంది. మూడు పళ్ళో ఐదు పళ్ళో ఉండే చేతి రేక్ చాలు.

సముద్రం దగ్గర బోరునీళ్ళు వాడేవాళ్ళ కుండీల్లో పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అది మట్టిలో కలపకండి, చేతి రేక్‌తో పై అర అంగుళం గీకి తీసి పారేసి, కొత్త కంపోస్ట్ వెయ్యండి. గ్రో బ్యాగుల్లో వాడేటప్పుడు అంచు నుంచి మధ్యకి లాగండి, మధ్య నుంచి అంచుకి తోస్తే పళ్ళు బ్యాగుని చీల్చేస్తాయి.

చెట్టు చుట్టూ ఎంత లోతు గీకొచ్చు?

పైపైన మాత్రమే. నిమ్మ, మందార లాంటి వాటికి తిండి పీల్చే సన్న వేళ్ళన్నీ పై పొరలోనే ఉంటాయి. నేను కొత్తలో నిమ్మ చెట్టు పాదు ఇనప రేక్‌తో శుభ్రం చేస్తుంటే, మా ఇంటికి పనికొచ్చే ముసలావిడ చూసి చెయ్యి పట్టుకుని ఆపేసింది. "అలగ గీకేత్తే ఏరు తెగిపోద్ది బాబూ, చెట్టు బెంగెట్టుకుంటాది" అంది. నిజంగానే ఆ వేసవికి కొమ్మలు చివర్ల నుంచి ఎండుకుంటూ వచ్చాయి. ఇప్పుడు పాదులో ఇనప రేక్ పెట్టను, కలుపు చేత్తో పీకి, ఎండాకులు 2, 3 అంగుళాల మందాన కప్పుతా. మొదలుకి మాత్రం ఆనించకుండా జానెడు ఖాళీ వదలాలి, లేకపోతే బెరడు కుళ్ళుతుంది.

కామ ఎంత పొడుగుండాలి?

రేక్ నిలబెడితే కామ చివర మీ గడ్డం దాకా రావాలి, ఇంకొంచెం పైకున్నా మంచిదే. 5 అడుగులు చాలామందికి సరిపోతుంది. మన షాపుల్లో 4 అడుగుల కామలే ఎక్కువ పెడుతున్నారు, దాంతో వంగి లాగీ లాగీ నడుం పట్టేస్తుంది, తప్పు రేక్‌ది కాదు, కామది.

చెక్క కామ చేతికి హాయిగా ఉంటుంది. జీఐ పైపు బరువు, ఎండలో కాలిపోతుంది. అల్యూమినియం తేలిక, కానీ కరెంటు తీగల దగ్గర దాంతో కొబ్బరి మట్టలు లాగే పని పెట్టుకోకండి, ప్రాణాలు పోతాయి.

నడుం నొప్పి రాకుండా ఎలా లాగాలి?

ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, నడుం వంచకుండా కాళ్ళతో వెనక్కి నడుస్తూ లాగండి. పది నిమిషాలకోసారి చేతులు మార్చండి. ఆకుల్ని తోటంతా ఒక్క కుప్పకి లాక్కురావద్దు, చిన్న కుప్పలు చేసి, పాత దుప్పటి పరిచి దాని మీదకి లాగి ఈడ్చుకెళ్ళండి.

సముద్రపు గాలికి తుప్పు పట్టేస్తోంది, ఏం చెయ్యాలి?

గాలిలో ఉప్పు, దానికి తోడు తేమ, మనూళ్ళో ఇనుముకి రెండూ శత్రువులే. నేను ఒక షాపులో నిగనిగలాడే ఆకుపచ్చ రేక్ చూసి ముచ్చటపడి కొన్నా, ఒక్క వానాకాలానికే రంగు పొరలు పొరలుగా లేచి, కింద పళ్ళు గుల్లబారిపోయాయి. పైన రంగేసి లోపల నాసిరకం రేకు పెట్టాడు. అప్పట్నుంచి గాల్వనైజ్ చేసిందో (అంటే జింకు పూత వేసింది), పౌడర్ కోటింగ్ మందంగా ఉన్నదో చూసి కొంటున్నా. లీఫ్ రేక్ అయితే స్టెయిన్‌లెస్ స్టీలుకి డబ్బు ఎక్కువైనా పెట్టొచ్చు.

పని అయ్యాక మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, నూనె గుడ్డ ఒకసారి రుద్దండి. కొబ్బరి నూనె అయినా చాలు. రెండు నిమిషాల పని. గోడకి తల పైకి ఉండేలా తగిలించండి, నేల మీద ఆనిస్తే చెమ్మ పీలుస్తుంది.

షాపులో ఏం చూసి కొనాలి?

నర్సరీల్లో దొరికేవి ఎక్కువగా తేలిక రకం, ఇనప రేక్ కోసం పాత హార్డ్‌వేర్ షాపులకి వెళ్ళండి. తల, కామ కలిసే గొట్టం దగ్గర చెయ్యి పెట్టి ఊపండి, ఏమాత్రం కదిలినా వద్దు. పళ్ళు విడివిడిగా వెల్డింగ్ చేశారా, తలతో కలిపి ఒకే ముక్కగా ఉన్నాయా చూడండి, ఒకే ముక్కదైతే పళ్ళు ఊడవు. లీఫ్ రేక్ అయితే నేలకి నొక్కి వదలండి, పుల్లలన్నీ మళ్ళీ వరసలోకి రావాలి. ఆన్‌లైన్‌లో కొంటే కామ విడిగా కొనాలా, కలిపి వస్తుందా అన్నది తప్పక చదవండి, చాలావాటికి తల ఒక్కటే వస్తుంది.

తుఫాను తర్వాత చెత్త ఎత్తడానికి ఏది?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన మర్నాడు వీధిలోకి వస్తే నేల కనపడలేదు. ఆకులు చిరిగి తడిసి గోడలకి అతుక్కుపోయాయి, కింద గాజుపెంకులు, మేకులు, రేకుముక్కలు. ఆ తడి బరువుకి మా ప్లాస్టిక్ రేక్ పది నిమిషాల్లో విరిగింది. ఇనప రేక్ ఒక్కటే పనికొచ్చింది. పెద్ద కొమ్మలకి పంగలకర్ర, మిగతాదానికి ఇనప రేక్, అడుగు మందంగా ఉన్న చెప్పులో బూట్లో, చేతికి తోలు గ్లౌజులు. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలం కాబట్టి ముందే కామ బిగించి పెట్టుకోండి.

పోగుచేసిన ఆకులు తగలబెట్టొచ్చా?

వద్దండి. చట్టం కూడా ఒప్పుకోదు. 2016 డిసెంబర్‌లో పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధించింది, మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 జరిమానా అని చెప్పింది. జరిమానా సంగతి పక్కన పెట్టినా, అది మీ చెట్టు మీ నేలకి తిరిగిస్తున్న ఎరువు. ఒక మూల ఇనప మెష్ గుండ్రంగా చుట్టి అందులో పడేసి, అప్పుడప్పుడు తడిపితే చాలు. బాదం ఆకు మందం కాబట్టి ఆలస్యమవుతుంది, వేపాకు త్వరగా మాగుతుంది.

ఆకుల కుప్పలో పాములుంటాయని భయం.

భయపడటంలో తప్పులేదు. కంబాలకొండ, సింహాచలం కొండల పక్కన ఉండేవాళ్ళకి ఇది నిజమైన విషయమే. కుప్పలో చెయ్యి పెట్టకండి, ముందు రేక్‌తో దూరం నుంచి కుప్పని విప్పండి, ఒక నిమిషం ఆగండి, తర్వాత ఎత్తండి. తేళ్ళు, జెర్రులు తడి ఆకు కింద ఎక్కువ. పాము కనపడితే రేక్‌తో కొట్టకండి, వెనక్కి జరిగి దాన్ని పోనివ్వండి, పోకపోతే పాములు పట్టేవాళ్ళని పిలవండి.

పిల్లలున్న ఇంట్లో జాగ్రత్తలు?

మధ్యలో పని ఆపినా సరే పళ్ళు పైకి ఉండేలా నేల మీద వదలకండి. నేను ఫోన్ వస్తే అలాగే వదిలేసి లోపలికి వెళ్ళా, మా ఆవిడ చూసుకోకుండా పళ్ళ మీద కాలేసింది, కామ లేచి నుదుటికి కొట్టి రెండు కుట్లు పడ్డాయి. ఆ స్థానంలో మా చిన్నది ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వదల్లేదు.

కామ ఊడి వచ్చేస్తోంది, కొత్తది కొనాలా?

తల బాగుంటే అక్కర్లేదు. ఎండాకాలం చెక్క ఆరిపోయి కుంచించుకుంటుంది, అందుకే వదులవుతుంది. రాత్రి బకెట్లో నానబెడితే తెల్లారికి బిగుసుకుంటుంది గానీ ఆరగానే మళ్ళీ అదే కథ. కామ చివర సన్నగా చీల్చి, చెక్క చీల ఒకటి కొట్టి, గొట్టం పక్కనున్న రంధ్రంలోంచి స్క్రూ బిగించండి. గొట్టమే పగిలిపోతే వెల్డింగ్ షాపులో చిన్న అతుకు వేసిస్తారు, అతుకు వేసినచోట మాత్రం ఆ రోజే రంగు పుయ్యండి, తుప్పు మొదట అక్కడే పడుతుంది.